గాలిచక్రము - జాన్ బాయిడ్ డన్‌లప్

విశాఖపట్టణమునుండి అరకులోయకు బోవు బాట పెందుర్తి మీదుగ సాగును. పెందుర్తి దాటిన పిమ్మట కొత్తవలసయు, శృంగవరపుకోటయు వచ్చును. అటుపై అనంతగిరి కొండలలోని ఘాటుబాట మొదలగును. అనకాపల్లినుండి ఆనందపురమునకు బోవు పెద్దరహదారియు పెందుర్తిని తాకియే పోవుచున్నది. ఇన్ని బాటలు కలియు చోట చక్రములకు గాలికొట్టు దుకాణము లుండుట వింత గాదు. కొండ యెక్కబోవు చిన్నకా రొకటి అట్టి దుకాణము ముందర ఆగును. పనివాడు రబ్బరు గొట్టమును టైరు వాల్వునకు తగిలించును. గేజిలోని ముల్లు కదలి యొక అంకె మీద నిలుచును. అది ముప్పదికి కొంచె మటో ఇటో ఉండును. కారు యజమాని తల యూపును. కారు సాగిపోవును.

ఆ అంకె దేనిని దెలుపును? మనుష్యులతోను, మూటలతోను నిండిన కారు బరువు నంతయు కంటికి కనబడని గాలి యెట్లు మోయగలుగుచున్నది? చక్రములో గాలిని బంధింపవలెనను తలంపును లోకమునకు పనికివచ్చునట్లు చేసిన వాడెవడు? ఆయన యంత్రశాస్త్రవేత్త గాడు. కర్మాగారముల యజమానియు గాడు. గుఱ్ఱములకును, ఆవులకును చికిత్స చేయుచు జీవించిన పశువైద్యుడు. ఆయన పేరు జాన్ బాయిడ్ డన్‌లప్.

డన్‌లప్ 1840వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన స్కాట్లండు దేశమున ఎయిర్‌షైరు మండలములోని డ్రెగ్‌హార్ను గ్రామమున జన్మించెను. వారిది వ్యవసాయ కుటుంబము. బాలుడు నెలలు నిండకమున్నే పుట్టెను. అందువలన ఇతని శరీరము బలహీనమైనదని తలిదండ్రులు భావించి, శ్రమ తగిలిన పనులకు పంపక, కంటికి రెప్పవలె కాపాడుచు పెంచిరి. తన ఆరోగ్యము సున్నితమైనదను భావము ఆయనను జీవితాంతము వదలలేదు. కాని ఆయన ఎనుబదియొక్క ఏండ్లు జీవించెను! నాగలి పట్టుటకు తగడని తలంపబడిన ఆ బాలుడు చదువున చురుకైనవాడు. ఎడింబరో నగరమున విలియం డిక్ స్థాపించిన పశువైద్య కళాశాల అప్పటికే పేరుగాంచి యుండెను. డన్‌లప్ అచ్చట చేరి, పందొమ్మిదవ యేటనే పట్టము పొంది, వైద్యవృత్తి నారంభించెను.

కొన్ని యేండ్లు స్కాట్లండులో వైద్యము చేసి, 1867లో ఐర్లండునకు వలసపోయెను. మొదట డౌన్‌పాట్రిక్ అను చిన్నపట్టణమునను, తరువాత బెల్‌ఫాస్ట్ నగరమునను వైద్యశాల నడిపెను. ఆ కాలమున మోటారు లేదు. సరకులు మోయుటకు, మనుష్యుల నెక్కించుకొని పోవుటకు, ట్రాములను లాగుటకు గుఱ్ఱమే ఆధారము. అందుచే పశువైద్యునికి పనికి కొదువ లేకుండెను. 1880 దాటునప్పటికి డన్‌లప్ వైద్యశాల ఐర్లండులోని పెద్దవానిలో ఒకటిగా పేరుపొందెను. గుఱ్ఱములకు లాడములు కొట్టుటకే అచ్చట పలువురు పనివారుండిరి. నెమ్మదియైన స్వభావము, నిండు గడ్డము, మితభాషణము గల ఆ వైద్యుడు నగరమున గౌరవముగ కాలము గడుపుచుండెను. అంతటితో ఆయన జీవితము ముగిసియుండినయెడల నేడు ఆయన పేరు వినువారుండెడివారు కారు.

ఇచ్చట ఆనాటి చక్రముల సంగతి కొంత తెలిసికొనవలెను. మన యెద్దుబండి చక్రమునకు కఱ్ఱకమ్ముల మీద ఇనుపపట్టా వేయుదురు. పాశ్చాత్య దేశములలోని గుఱ్ఱపుబండ్లకును అదియే పద్ధతి. ఇనుపపట్టా అరగదు, నిజమే. కాని రాతిపరపుల మీద బండి పోవునపుడు ప్రతి రాయియు చక్రమును పైకి ఎగురవేయును. చక్రముతోపాటు బండియు, అందలి మనుష్యులును ఎగురుదురు. ఎగిరినది మరల పడును. ఇట్లు ఎగురుటకును, పడుటకును వ్యయమైన బలమంతయు లాగు పశువునుండియే రావలెను. సైకిలు పుట్టిన తరువాత ఆ బలము త్రొక్కువాని కాళ్లనుండి రావలసివచ్చెను. సైకిలు చక్రమునకు ఇనుముబదులు గట్టి రబ్బరుపట్టీ వేసిరి. దానివలన చప్పుడు తగ్గినదే కాని కుదుపు పెద్దగా తగ్గలేదు. 1885లో ఇంగ్లండున రెండు చక్రములును సమానముగనున్న చిన్న సైకిళ్లు వచ్చినవి. మునుపటి ఎత్తైన చక్రము గుంటలమీదుగ దొరలిపోయెడిది. చిన్నచక్రమో, ప్రతి గుంటలోనికి దిగి మరల పైకెక్కవలసినదే. కనుక కుదుపు మఱింత హెచ్చెను. లోకమునకు మెత్తని చక్రము కావలసిన సమయ మట్లు దగ్గరపడెను.

డన్‌లప్‌నకు జానీ అను కుమారు డుండెను. 1887లో ఆ బాలునికి తొమ్మిది పది యేండ్లు. వానికొక మూడుచక్రముల సైకిలు కలదు. బెల్‌ఫాస్ట్ వీథులు రాళ్లు పరచినవి. నడుమ ట్రాము పట్టాలు. తోడిబాలురతో పందెములు వేయుచు జానీ ఆ వీథులలో సైకిలు త్రొక్కెడివాడు. ఒళ్లంతయు కుదిలిపోవుచున్నదని తండ్రితో మొఱపెట్టుకొనెడివాడు. ఈ కుదుపువలన బాలునికి తలనొప్పి వచ్చెడిదని చెప్పువారును కలరు. ఏ తండ్రియైనను అట్టి మొఱను విని, నెమ్మదిగ త్రొక్కుమని చెప్పి ఊరకుండును. డన్‌లప్ ఊరకుండలేదు. వైద్యముకొరకు తానును బండిలో ఊరూర తిరుగువాడే. కుదుపు ఆయన ఎఱుగనిది గాదు. చక్రమునకును నేలకును నడుమ ఏ పదార్థ ముండిన బాగుండునని ఆయన ఆలోచించెను. నీటితో నిండిన గొట్టమా? నీరు బరువు, అదియు గాక నొక్కిన నొక్కుకొనదు. గాలి తేలిక. నొక్కిన నొక్కుకొనును, విడిచిన మరల తన స్థితికి వచ్చును. గాలియే తగినదని నిశ్చయించెను.

1887 అక్టోబరులో తన యింటి పెరటియందే పరీక్ష నారంభించెను. ఒక గుండ్రని కఱ్ఱబిళ్లను చక్రముగ గ్రహించెను. 1/32 అంగుళము మందము గల పలుచని రబ్బరు రేకును కత్తిరించి, అంటించి, గొట్టముగ చేసెను. ఆ గొట్టమును బిళ్ల అంచున చుట్టి, దానిపై నారబట్ట కప్పి, బట్టను చిన్నమేకులతో బిళ్లకు బిగించెను. కుమారుని కాలిబంతికి గాలినింపు పంపుతో గొట్టములోనికి గాలి కొట్టెను. బంతి మూతిని కట్టునట్లే గొట్టపు మూతిని కట్టివేసెను. ఆ పరికరములలో వెల గలదిగాని, అపురూపమైనదిగాని ఒక్కటియు లేదు.

తరువాత ఆయన జానీ సైకిలునుండి గట్టిరబ్బరు చక్రము నొకదానిని ఊడదీసెను. మొదట దానిని పెరటిలో దొరలించెను. అది కొంతదూరము పోయి, ఊగి, పెరడు చివర చేరకమున్నే పడిపోయెను. ఆ మీదట గాలిచక్రమును దొరలించెను. అది పెరడు పొడవునను దొరలి, చివరనున్న ద్వారబంధమును తాకి, వెనుకకు ఎగిరివచ్చెను. డన్‌లప్ మరల మరల దొరలించి చూచెను. మరల మరల అట్లే జరిగెను.

ఈ చిన్నపరీక్షలో దాగిన సంగతి గొప్పది. గాలిచక్రము మెత్తగా నుండును గనుక కుదుపు తగ్గునని ఎవరైనను ఊహింపగలరు. కాని మెత్తని వస్తువు త్వరగా దొరలునని ఎవరు ఊహింతురు? ఇసుకలో బండి నడచునా? అయినను గాలిచక్రము గట్టిచక్రముకంటె దూరముగ పోయెను. కారణ మిది. చిన్నరాయి అడ్డమువచ్చినపుడు గట్టిచక్రము తానే పైకెగిరి వేగమును పోగొట్టుకొనును. గాలిచక్రము ఎగురదు. రాయి తగిలినంత మేర మాత్రము లోనికి నొక్కుకొని, రాయి దాటగానే ఆ నొక్కును తిరిగి యిచ్చును. తీసికొన్న బలములో అధికభాగమును గాలి మరల అప్పగించుచున్నది. కుదుపు పోగొట్టుటకు మొదలిడిన పరీక్ష వేగమునకును దారి చూపెను.

పిమ్మట డన్‌లప్ కఱ్ఱతో కమ్ములు వంచి, గాలిగొట్టము లమర్చి, గట్టిబట్టయు రబ్బరుపొరయు పైన వేసి, జానీ సైకిలు వెనుకచక్రములకు బిగించెను. 1888 మొదటి నెలలలో ఒక రాత్రివేళ వీథులలో సందడి తగ్గిన తరువాత ఆ బాలుడు క్రొత్తచక్రముల మీద ఊరిలోనికి వెడలెను. గాలితో నిండిన చక్రముల మీద బెల్‌ఫాస్ట్ వీథులలో తిరిగినవారిలో జానీయే మొదటివాడు. ఆ సంవత్సరము జూలై 23వ తేదీన డన్‌లప్ పేటెంటు కొరకు దరఖాస్తు చేసెను. పేటెంటనగా, ఒక క్రొత్తవస్తువును కనిపెట్టినవానికే దానిని చేసి అమ్ము హక్కును కొంతకాలము వరకు ప్రభుత్వ మిచ్చుట. డిసెంబరు 7వ తేదీన ఆ హక్కు ఆయనకు లభించెను.

వస్తువును కనిపెట్టుట ఒకటి, లోకము దానిని మెచ్చుట వేఱొకటి. బెల్‌ఫాస్టులోని ఎడ్లిన్ అను సైకిళ్ల వర్తకుడు గాలిచక్రముల సైకిళ్లను తయారుచేయుటకు పూనుకొనెను. అవి చూచినవారెల్ల నవ్విరి. సన్నని చక్రములకు అలవాటుపడిన కన్నులకు ఆ లావుచక్రములు వికారముగ దోచినవి. ఆ నవ్వుల నడుమ విలియం హ్యూమ్ అను పందెగాడు గాలిచక్రముల సైకిలు నొకదానిని కొనెను. అతడు బెల్‌ఫాస్టులోని ఒక సైకిలుసంఘమునకు నాయకుడు. అంతవఱకు మేటి పందెగాడని పేరుపొందినవాడు గాడు. 1889 మే 18వ తేదీన క్వీన్స్ కళాశాల క్రీడలలో అతడు ఆ సైకిలుపై బరిలోనికి దిగెను. చూడవచ్చినవారు హేళనచేసిరి. హ్యూమ్ ఆనాడు తాను పాల్గొన్న పందెములు నాలుగింటిని గెలిచెను. అటుపై లివర్‌పూలునకు బోయి అచ్చటను ఒకటి తప్ప తక్కినవన్నియు గెలిచెను.

బెల్‌ఫాస్టులో ఓడినవారిలో హార్వే డుక్రాస్ అను డబ్లిన్ వర్తకుని కుమారు లుండిరి. డుక్రాస్ ఐర్లండు సైకిలుసంఘమునకు అధ్యక్షుడు. తన కుమారులు ఓడినందులకు చింతింపక, వారి నోడించిన చక్ర మెట్టిదని విచారించిన బుద్ధిశాలి. ఆయన పూనికతో 1889 చివర డబ్లిన్ నగరమున కంపెనీ యేర్పడెను. డన్‌లప్ తన పేటెంటు హక్కును దానికి అప్పగించి, వాటాలు తీసికొనెను. వ్యాపారము పెరుగుచుండెను. డన్‌లప్ పేరు పత్రికలలో వెలసెను.

అట్టి సమయమున పిడుగువంటి వార్త వచ్చెను. 1890లో, ఆ పేటెంటు చెల్లదని ప్రభుత్వశాఖ తెలియజేసెను. ఏలయన, గాలిచక్రమునకు నలుబదియైదు ఏండ్లక్రిందటనే మఱియొకడు పేటెంటు పొందియుండెను. ఆయన పేరు రాబర్ట్ విలియం థాంసన్. ఆయనయు స్కాట్లండు దేశీయుడే. 1845 డిసెంబరులో, ఇరువదిమూడేండ్ల వయసున, థాంసన్ గాలితో నిండిన చక్రమును వర్ణించి హక్కు సంపాదించెను. రబ్బరు పట్టించిన బట్టగొట్టము లోపలను, తోలు వెలుపలను ఉండునట్లు అమర్చి, గుఱ్ఱపుబండికి బిగించి, 1847లో లండనులోని రీజెంట్స్ పార్కులో నడిపి చూపెను. ఒక జత చక్రములు 1,200 మైళ్లు నడచినవట. అయినను లోక మాయనను మఱచెను. ఆనాటికి సైకిలు లేదు, మోటారు లేదు. గుఱ్ఱపుబండ్లవారికి అంత వెలపెట్టవలసిన పని లేదు. గంధకముతో వేడిచేసి రబ్బరును దృఢపఱచు పద్ధతి అప్పుడప్పుడే పుట్టుచుండెను. కావలసిన పలుచని రబ్బరు దొరకుట కష్టము. విసిగిన థాంసన్ గాలిని విడిచి, గట్టిరబ్బరు పట్టీలతో ఆవిరిబండ్లను చేసెను. వానిలో కొన్ని మన దేశమునకు, పంజాబు ప్రాంతమునకు గూడ వచ్చినవి. 1873లో ఆయన గతించెను.

డన్‌లప్ థాంసన్ పేరైనను ఎఱుగడు. ఆయన చేసినది దొంగతనము గాదు. ఎవని చిత్రమునో చూచి గీచిన గీతయు గాదు. అయినను చట్టము దృష్టిలో మొదటివాడు థాంసనే. న్యాయముగ చూచినను మొదటి తలంపు థాంసన్‌దే యని ఒప్పుకొనక తప్పదు. కాని విత్తనము చల్లిన యేట వాన పడలేదు. రెండవవాడు చల్లినపుడు పడినది. ఇద్దఱిలో ఎవరి గౌరవమును ఎవరికిని ఈయ నక్కఱలేదు. డన్‌లప్‌నకు మాత్ర మిది కఠినమైన పరీక్ష. ఏ హక్కు ఆధారముగ కంపెనీ నిలిచినదో ఆ హక్కే పోయెను. ఇతర వర్తకులు గాలిచక్రములను చేయుటకు అడ్డు లేకపోయెను.

కంపెనీ ఇతర పేటెంట్ల అండతో నిలదొక్కుకొనెను. డన్‌లప్ చేసిన తొలిచక్రమున గొప్ప లోపముండెను. టైరును కమ్మికి అంటించి, చుట్టివేయుటవలన, లోపలి గొట్టమునకు చిల్లుపడినపుడు అంతయు విప్పవలసివచ్చెడిది. 1890లో చార్లెస్ వెల్ష్ అనునాతడు అంచులలో తీగెలు గల టైరును కల్పించెను. ఊడదీయుటయు, తొడుగుటయు సులభమయ్యెను. తరువాతి యేట చార్లెస్ వుడ్స్ అనునాతడు చక్కని వాల్వు నొకదానిని చేసెను. సన్నని రబ్బరుగొట్టము తొడిగిన ఆ వాల్వు గాలిని లోనికి పోనిచ్చును, బయటికి రానీయదు. మన ఊళ్లలో సైకిలుషాపువాడు వాల్వుట్యూబు మార్చునపుడు చేతబట్టునది ఆ జాతి వాల్వే.

ఈ వాల్వు వచ్చిన పిమ్మట గాలి కొలతకు ప్రాధాన్యము హెచ్చెను. కట్టివేసిన గొట్టమున ఉన్నంత గాలియే గాలి. వాల్వున్నచో కావలసినంత కొట్టవచ్చును, ఎక్కువైన తీసివేయవచ్చును. మఱి, ఎంత కావలెను? సైకిలువాడు బొటనవ్రేలితో టైరును నొక్కిచూచి తృప్తిపడును. మోటారుకారు వచ్చినపుడు వ్రేలి సాక్ష్యము చాలకపోయెను. 1895లో ఫ్రాన్సుదేశమున పారిస్‌నుండి బోర్డోకు బోయి తిరిగివచ్చు మోటారు పందెము జరిగెను. సుమారు 1,200 కిలోమీటర్ల దూరము. మిషలిన్ సోదరులు ఆ పందెమున గాలిటైర్లు తొడిగిన కారును నడిపిరి. దారి పొడవునను టైర్లు పగులుచునేయుండెను. గెలుపు వారికి దక్కలేదు. కాని గాలి కారును మోయగలదని లోకము చూచెను.

పెందుర్తి కూడలిలో ఆగిన చిన్నకారు గేజిలోని అంకె కర్థ మిపుడు తెలియును. కారును, అందలి మనుష్యులును కలిసి 900 కిలోలనుకొందము. అది దాదాపు 1,980 పౌనులు. నాలుగు చక్రములు పంచుకొనిన, ఒక్కొక్కటి మోయునది 495 పౌనులు. గేజి 30 చూపిన, లోపలి గాలి ప్రతి చదరపు అంగుళమును, బయటిగాలి నొక్కుడుకంటె 30 పౌనుల అధికబలముతో, నెట్టుచున్నదని అర్థము. 495ను 30చే భాగింప, పదునాఱున్నర వచ్చును. అనగా టైరు నేలను తాకుచోటు రమారమి పదునాఱు చదరపు అంగుళములు. నాలుగంగుళముల పొడవు, నాలుగంగుళముల వెడల్పు. అరచేయి యంత చోటు! నాలుగు అరచేతులమీద కారంతయు నిలుచుచున్నది. టైరు గోడల బిగువువలన ఈ లెక్క కొంచెము మారును గాని మూలసూత్ర మిదియే.

గాలి తగ్గి గేజి 20 చూపినదనుకొందము. బరువు తగ్గలేదు. కనుక తాకుచోటు పెరుగవలెను. 495ను 20చే భాగింప దాదాపు ఇరువదియైదు, అయిదంగుళముల చతురస్రము. టైరు చదునుగ పరచుకొని, తిరిగినపుడెల్ల దాని ప్రక్కలు మడతపడి విచ్చుకొనును. మడత వేడిని పుట్టించును. మన వేసవిలో తారుబాట అదివఱకే కాగియుండును. ఆ వేడికీ వేడి తోడై టైరు పగిలినచో, వేగముగ పోవు కారు అదుపుతప్పును. అంచులు త్వరగా అరగుట, పెట్రోలు అధికముగ ఖర్చగుట వేఱుగ చెప్పనేల? గాలి మితిమీరిన ఫలమును మంచిది గాదు. తాకుచోటు కుంచించుకొనిపోవును, నడిమిభాగ మరగును, తడిబాట మీద పట్టు తగ్గును, జానీ మొఱపెట్టిన కుదుపు మరల వచ్చును.

కనుక తగిన గాలి యెంత యనునది దుకాణదారుని ఊహకు వదలవలసినది గాదు. కారు బరువును, టైరు కొలతను చూచి, కారు చేసినవారు ఆ యంకెను నిర్ణయించి, సాధారణముగ డ్రైవరు తలుపు వద్ద అంటించిన చీటిలో వ్రాసియుంచుదురు. నలుగురెక్కి సామానుతో కొండ యెక్కునపుడు కొంత హెచ్చు గాలి కావలసినచో అదియు అందే యుండును. టైరు ప్రక్కన అచ్చొత్తిన పెద్ద అంకె దాని గరిష్ఠపరిమితియే కాని కొట్టవలసిన కొలత గాదు. ఈ రెంటిని తాఱుమాఱు చేయువారు పెక్కుమంది. కొలుచువేళయు ముఖ్యమే. వేడి పది సెంటిగ్రేడు డిగ్రీలు పెరిగిన, గేజి ఒకటిన్నర పౌను వరకు హెచ్చుగ చూపును. ఎండలో ముప్పది మైళ్లు నడచివచ్చిన కారు టైరును కొలిచి, అంకె ఎక్కువైనదని గాలి తీసివేసినచో, మఱునాటి ఉదయమునకు అది చాలని గాలియగును. చల్లని టైరునే కొలువవలెను. ఏ చిల్లును లేకున్నను రబ్బరు సూక్ష్మరంధ్రములగుండ గాలి మెల్లమెల్లగ జారిపోవుచునే యుండును గనుక నెల కొకమాఱైనను కొలుచుట మంచిది.

మొదటి మోటారు టైర్లు సన్ననివి. వానిలో 50, 60 పౌనుల గాలి కొట్టెడివారు. 1920 దాటిన తరువాత లావుపాటి టైర్లు వచ్చి, అంకె ముప్పదికి దిగినది. అప్పటికి డన్‌లప్ జీవించి లేడు.

ఆయన కడపటి రోజుల సంగతి చెప్పవలసియున్నది. 1892లో ఆయన బెల్‌ఫాస్టును, పశువైద్యమును విడిచి, డబ్లిన్ నగరమున నివసించెను. కంపెనీ పెద్దదగుకొలది అందు ఆయన మాటకు చోటు తగ్గెను. 1895లో ఆయన దానినుండి తొలగిపోయెను. మఱుసటి యేడు ఆ కంపెనీని ఒక ధనికుడు ముప్పది లక్షల పౌనులకు కొని, ఏబదిలక్షల పౌనుల కంపెనీగా మార్చి వాటాలు అమ్మెను. ఆ సంపదలో డన్‌లప్‌నకు చేరిన పాలు స్వల్పము. కారుల యుగము అటుపైన వచ్చెను. లోకములోని బాటలన్నింటి మీదను డన్‌లప్ అను పేరు దొరలుచుండగా, ఆ పేరుగలవాడు డబ్లినులో ఒక వస్త్రవ్యాపారమున భాగస్వామియై, సామాన్య గృహస్థుగ కాలము గడపెను. తన చక్రమువలన కోటీశ్వరులైన వారిని ఆయన చూచెను. అందులకై వీథికెక్కి కలహించినవాడు గాడు. 1921 అక్టోబరు 23వ తేదీన డబ్లినులోని బాల్స్‌బ్రిడ్జిలో తన యింట మరణించెను. డీన్స్‌గ్రేంజ్ శ్మశానమున ఆయన సమాధి కలదు. గాలిటైరు చరిత్రను గూర్చి ఆయన వ్రాసియుంచినది 1924లో పుస్తకముగ వెలువడెను.

మన దేశమున డన్‌లప్ పేరు మోటారులతోనే నిలిచిపోలేదు. 1936లో బంగాళాదేశపు హుగ్లీ తీరమున సాహాగంజ్‌లో ఆ పేరుగల టైర్ల కర్మాగారము వెలసెను. చిరకాలము నడచి, తరువాత మూతపడెను. ఎద్దుబండ్లకును గాలిటైర్లు వచ్చినవి. ఇనుపపట్టా బండినుండి టైరుబండికి మారిన యెడ్ల మెడలకు కలిగిన సుఖమును అవి చెప్పలేవు. పశువులకు వైద్యము చేసినవాని చేతిమీదుగ వచ్చిన వస్తువు పశువులకే ఉపకరించుట ముచ్చటైన సంగతి. ఉత్తర ఐర్లండులోని ఒక బ్యాంకు తన పది పౌనుల నోటు మీద ఆ గడ్డపు వైద్యుని బొమ్మను ముద్రించెను. తొలినాటి డన్‌లప్ టైరొకటి, ఆయన చిన్ననాట వైద్యవిద్య నభ్యసించిన ఎడింబరో నగరములోనే, స్కాట్లండు జాతీయ ప్రదర్శనశాలయందు భద్రముగ నున్నది.